ఒకమ్మాయి సంగతి

పెనుకొండ,
2 ఆగస్టు 2025, శనివారం

తిట్టని మామకు,

ఇదేం పిలుపు అనుకోకు. ఈ ఏడు మా హాస్టలు బడికి వరలక్ష్మి మేడం అని కొత్తగా వచ్చారు. పాఠాలు చెప్పరు. పిల్లల మనసులు బాగున్నాయో లేదో చూడడమే ఆమె పని. ఇక్కడ ఫోన్లు లేవు కదా, అందుకని శనివారాల్లో ఇంటికి ఉత్తరం రాయాలని పెట్టారు. "మీ వాళ్లలో తిట్టకుండా చదివే పెద్దవాళ్లను ఒకరిని ఎంచుకోండి" అన్నారు.

నేను మన బంధువులందరినీ వరసగా తలుచుకున్నాను. నాయనకు చదువు రాదు. గొర్రెల మీద అరిచీ అరిచీ మనుషుల మీదా అదే గొంతు. అమ్మ చదువుతుంది కానీ 'క్షేమం' అన్న మాట దగ్గరే ఏడుపు మొదలుపెడుతుంది. చివరికి అమ్మకు అన్నవు, ధర్మవరంలో మగ్గం నేసుకునే నువ్వు ఒక్కడివే మిగిలావు.

ఇంకో సంగతి. మా తొమ్మిదో తరగతికి నన్ను 'వినే లీడర్' చేశారు. ఎవరికైనా బాధ ఉంటే నా దగ్గరికి వచ్చి చెప్పుకోవచ్చు. నేను వినాలి. సలహాలు ఇవ్వకూడదు, పేర్లు బయటపెట్టకూడదు. చెవి బొమ్మ ఉన్న బ్యాడ్జి ఇచ్చారు.

జవాబు రాయి. రాయకపోతే మేడం నన్ను ఇంట్లో పట్టించుకోని పిల్ల కింద రాసుకుంటారు.

నీ కోడలు,
ప్రమోద

ధర్మవరం,
8 ఆగస్టు

చిలమత్తూరు గొర్రెల్లో పుట్టి పెనుకొండ కొండ కింద చదువుకుంటున్న మా కోడలికి,

ఉత్తరం చేరింది. పోస్టుమ్యాన్ వీధంతా చూపించుకుంటూ తెచ్చినాడు. చేతిరాత ఉత్తరం చూసి చాలా ఏండ్లు అయ్యిందేమో, "ఎవరు పోయినారప్పా?" అని ఇద్దరు పలకరించి పోయినారు.

తిట్టనివాడిని నేనొక్కడినే అన్నావు కదా, ఆ ముక్క మీ అత్త పుల్లమ్మకు చదివి వినిపించినా. "తిట్టే పనంతా నేనే చేస్తాంటే ఈయప్పకు యాడ మిగులుతుంది?" అనింది.

నీకు చెవి బ్యాడ్జి ఇచ్చినారంటే నాకేం ఆశ్చర్యం లేదు. మన వంశంలో చెవులు పెద్దవి. మా నాయనకు వాన శబ్దం ఊర్లో అందరికన్నా ముందు వినపడేది. వాన మాత్రం వచ్చేది కాదు. ఆ పదవి ఏందో నాకు సరిగ్గా అర్థం కాలేదు. జీతం లేదు, నోరు తెరవకూడదు, అందరూ చెప్పేది వినల్ల. అది నేను పెండ్లయినప్పటి నుంచి చేస్తాండా, నాకెవరూ బ్యాడ్జి ఇవ్వలేదు.

మా కాలంలో పిల్లల మనసు ఎట్లుందో కనుక్కునే పని అయ్యవారి బెత్తానిది. నీకు మేడం దొరికింది. అదృష్టవంతురాలివి. బాగా తిను.

ఇట్లు, పని తక్కువ, మాటలు ఎక్కువ,
హనుమంతరాయుడు మామ

పెనుకొండ,
16 ఆగస్టు

మామకు,

నీ ఉత్తరం మా రూములో అందరికీ చదివి వినిపించాను. మళ్లీ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు.

నిన్నొకటి అడగాలి. ఒకమ్మాయి ఉంది. లెక్కల పీరియడ్ వచ్చేసరికి దానికి కడుపునొప్పి. చంద్రమోహన్ సార్ చాక్‌పీసు చేతిలోకి తీసుకుంటే మొదలవుతుంది, గంట కొడితే పోతుంది. ఇంకొకమ్మాయి ఆదివారం అన్నం తినదు. ఆదివారం అందరి వాళ్లూ చూడడానికి వస్తారు, దానికెవరూ రారు. క్యారియర్ల మూతలు తీసే చప్పుడు వినపడకుండా బాత్రూంలో కుళాయి తిప్పుకొని కూర్చుంటుంది.

వాళ్లకు నేనేం చెప్పాలి? మేడం ఊరికే వినమన్నారు. విని ఊరికే ఉండడం కష్టంగా ఉంది. నీకేమైనా తోస్తే రాయి.

ప్రమోద

ధర్మవరం,
21 ఆగస్టు

కడుపునొప్పి కోడలికి,

నేను బడిలో అయిదు వరకే చదివినా, లోకంలో ఇంకా చదువుతానే ఉండా. ఎవరైనా 'ఒకామె ఉండాది' అని మొదలుపెడితే ఆ ఒకామె ఎవరో నాకు తెలుసు. మీ అత్త డాక్టరు దగ్గర కూచొని "మా వీధిలో ఒకామెకు మోకాళ్ల నొప్పులు సార్" అంటుంది. మందు మాత్రం మా ఇంటికే వస్తుంది.

కాబట్టి నాతో దాచద్దు. లెక్కలంటే భయపడేది తప్పు కాదు. ఆదివారం ఒంటరిగా కుళాయి తిప్పుకొని కూచున్నావని చదివేసరికి మీ అత్త కండెలు చుట్టే రాట్నం ఆపేసింది. అది ఆగిందంటే ఇంట్లో ఎవరికో మూడినట్టే. "ఇంకా కూచున్నావే, పాపను చూసి రాపో!" అనింది.

వచ్చే ఆదివారం వస్తాండా. ఓళిగలు, వాము, ఆముదం తెస్తా. మీ లెక్కల సారుతో కూడా ఒక మాట మాట్లాడతా. మర్యాదగానే.

నీ మామ

పెనుకొండ,
30 ఆగస్టు

మామకు,

నువ్వు వచ్చి పోయాక మా బడి మారిపోయింది. మంచికో చెడుకో ఇంకా తేలలేదు.

వరండాలో అందరి అమ్మానాన్నల ముందర "యాడమ్మా నొప్పి? బొడ్డు పైనా, కిందా?" అని అరిచావు. నేను నోరు తెరిచేలోపు వాము పోశావు. అంతటితో ఆగావా? చంద్రమోహన్ సార్ రెండు చేతులూ పట్టుకొని "మీరు మంచోళ్లే సార్. మీ చాక్‌పీసే మా పిల్లకు పడతాలేదు" అన్నావు.

మామా, లెక్కల్లో నేను క్లాసు ఫస్టు. ఆ సంగతి అడిగావా? సోమవారం నుంచి సార్ నా వైపు చూడరు. నా బెంచీ దగ్గరికి వస్తే చాక్‌పీసు వీపు వెనక దాచుకుంటారు. నేను చెయ్యెత్తితే "వద్దమ్మా, నువ్వు రెస్టు తీసుకో" అంటారు. అసలు నొప్పి ఎవరికో ఆ అమ్మాయికి మాత్రం తగ్గింది. సార్ ఇప్పుడు అందరితోనూ మెల్లగా మాట్లాడుతున్నారు కదా. కుళాయి అమ్మాయిని నేనే లాక్కొచ్చి ఓళిగలు పెట్టాను. తిని, "మీ మామ వచ్చే వారం కూడా వస్తాడా?" అంది. అది కూడా నేను కాదు!

ఇప్పుడు రాసేది నవ్వే విషయం కాదు. ఒకమ్మాయికి దసరా సెలవులంటే భయం. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయట. సెలవులకు పోతే మళ్లీ బడికి పంపరని ఏడుస్తోంది. మేడంకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. ఒట్టు తప్పనా, ఊరుకోనా? తొందరగా రాయి. మళ్లీ చెబుతున్నాను, అది నేను కాదు.

ప్రమోద

ధర్మవరం,
6 సెప్టెంబరు

ప్రమోదకు,

'నేను కాదు' అని రెండుసార్లు రాసినావు. ఒకసారి రాసింటే నమ్మేవాడిని.

నీ ఉత్తరం చదివి అన్నం కూడా తినకుండా లేచినా. రైలెక్కి హిందూపురంలో దిగినా. మీ అత్త శుక్రవారం పూజకు తమలపాకులు, వక్కలు, టెంకాయ, పూలు హిందూపురం నుంచే తెమ్మనింది, ఆడ ఆకులు బాగుంటాయని. తిరిగొచ్చేటప్పుడు కొనింటే సరిపోయేది. మరిచిపోతానేమోనని పోయేటప్పుడే కొన్నా. ఆ సంచీతోనే చిలమత్తూరు బస్సెక్కినా.

మీ నాయన ఇంటి ముందర గొర్రెలకు నీళ్లు పెడతాండాడు. "ఏం లక్ష్మన్నా, పిల్ల పెండ్లి సంగతి మాట్లాడల్లనే వచ్చినా!" అన్నా. కోపంగానే అన్నా. ఎండలో నడిచి గొంతు ఎండిపోయినందుకు మర్యాదగా వినపడిందేమో.

"పెండ్లేంది బావా, అది తొమ్మిదే కదా చదివేది?" అన్నాడు.

"అదే నేనూ అడుగుతాండా!" అన్నా.

అంతలో మా చెల్లెలు, అదే మీ అమ్మ, వచ్చి సంచీలోకి తొంగి చూసింది. ఆకులు, వక్కలు, టెంకాయ, పూలు. "అన్నా! మీ కొడుకు మురళికి మా పాపను అడగల్లని తాంబూలం తెచ్చినావా? ఒక మాట ముందే చెప్పింటే ఇల్లన్నా అలికిపెట్టింటా కదా!" అని కండ్లు తుడుచుకునింది.

"అది పుల్లమ్మది" అన్నా.

"వదినే పంపించిందా!" అని ఇంకా ఏడ్చింది.

ఆ తర్వాత నేనేం చెప్పినా ఎవరూ వినలేదు. మీ నాయన గొర్రెల బేరంలో పొద్దు మునిగేదాకా తల ఊపడు. ఆ మనిషి "చదువు అయిపోయినాక చేద్దాం బావా, మాట మాటే" అని నా భుజం మీద కొత్త టవలు వేసినాడు. కోడి కూర పెట్టినారు. ఆకలి మీద ఉండా, తిన్నా. తిన్నందుకు ఇంకా ఖాయమైపోయింది.

హిందూపురం బస్టాండులో దిగేసరికి కంపెనీ నుంచి మా మురళి ఫోను. మీ అమ్మ వానికి అప్పుడే చెప్పేసింది. "నాయనా, దానికి ముక్కు తుడిచినోన్ని నేను. నీకు సిగ్గుండాదా?" అన్నాడు. మీ అత్తకు పూజకు ఆకులు లేవు. నాతో మాటల్లేవు. మొదటి రోజు ప్రశాంతంగానే ఉండింది, ఇప్పుడు భయమేస్తాంది.

ఒకటి మాత్రం తేలింది. నీ పెండ్లి ఎవరూ తలపెట్టలేదు. తలపెట్టింది నేనే.

తలదించుకున్న మామ

పెనుకొండ,
13 సెప్టెంబరు

పెళ్లిళ్ల పేరయ్య మామకు,

ఆదివారం అమ్మ వచ్చింది. వాచ్‌మ్యాన్ నుంచి వార్డెన్ మేడం వరకు అందరికీ బెల్లం పంచింది. వార్డెన్ మేడం నోట్లో వేసుకున్నాక "ఎందుకమ్మా?" అని అడిగారు. "మా పాపకు సంబంధం కుదిరింది మేడం" అంది అమ్మ. వార్డెన్ మేడం మింగలేదు, ఉమ్మలేదు. పరుగెత్తి వరలక్ష్మి మేడంను పిలుచుకొచ్చారు.

ఇంక విచారణ! అమ్మను కూర్చోబెట్టి, చిన్న వయసు పెళ్లి ఎంత తప్పో చెప్పారు. అమ్మ "అయ్యో, ఇప్పుడు కాదు మేడం, మా అన్న మర్యాదగా అడిగినాడు అంతే" అని వాళ్లకే నచ్చచెప్పింది. మురళి బావకు ఫోన్ చేశారు. "నేను చేసుకోను! ఎవురికైనా చెప్పండి, చేసుకోను!" అని బావ అరిచింది స్పీకరు పెట్టకుండానే అందరికీ వినపడింది. బడిలో ఇంత గట్టిగా ఎవరినీ ఎవరూ కాదనలేదు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

కానీ మామా, తర్వాత మంచి జరిగింది. మేడం అందరినీ కూర్చోబెట్టి, సెలవుల్లో ఎవరింట్లోనైనా ఇట్లాంటి మాటలు నడిస్తే వచ్చి చెప్పమన్నారు. "చెప్పినందుకు ప్రమోదను ఎవరైనా తిట్టారా? లేదు కదా" అన్నారు. నేనేం చెప్పాను? అయినా ఊరుకున్నాను. ఆ సాయంత్రమే నిజమైన అమ్మాయి తనంతట తానే పోయి చెప్పుకుంది. మేడం వాళ్లింటికి పోయి మాట్లాడారు. ఆ పెళ్లి ఆగిపోయింది. సెలవుల్లో కూడా మేడం ఫోన్ చేసి, మధ్యలో ఒకసారి పోయి చూసి వస్తారట. నా ఒట్టు నిలబడింది, దాని బడి నిలబడింది. అంతా నీ టెంకాయ పుణ్యం.

ఇంకొక్కటి. ఒకమ్మాయి ఉంది. అందరూ వాళ్ల బాధలు తెచ్చి దాని దగ్గర దించి, తేలికపడి పోతారు. ఇప్పుడు చిన్న తరగతుల వాళ్లు కూడా వస్తున్నారు. అన్నం దగ్గర, నీళ్ల దగ్గర, జడ వేసుకునేటప్పుడు కూడా. అది ఎవరికీ చెప్పుకోలేదు. దసరాకు ఇంటికి పోతే మళ్లీ రాకూడదు అనుకుంటోంది. బడి మానేస్తే ఎవరూ ఏమీ చెప్పరు కదా అని. దానికేం చెప్పమంటావు?

ప్రమోద

ధర్మవరం,
17 సెప్టెంబరు

క్లాసు ఫస్టు కోడలికి,

బతికించినావు. నీ ఉత్తరం చదివినాక మీ అత్త నాతో మాట్లాడింది. మొదటి మాట రాయను, నువ్వు పిల్లదానివి.

తర్వాత నా చెయ్యి మగ్గం మీద పెట్టించి ఒట్టు వేయించింది, 'ఒకమ్మాయి' అంటే నువ్వని ఇంకెప్పుడూ అనుకోనని. కాబట్టి ఈసారి నేను రైలెక్కను, ఆకులు కొనను, ఎవరి చేతులూ పట్టుకోను.

ఇంక ఆ అమ్మాయి సంగతి. దానికి చెప్పు, చెవుల్లో దూది పెట్టుకోమను. బడి మానేసి ఏం చేస్తుంది, గొర్రెలు కాస్తుందా? గొర్రెలూ బాధలే చెప్తాయి. పొద్దున్నుంచి సాయంత్రం వరకు ఒకే మాట. మనుషులు నయం, మార్చి మార్చి చెప్తారు. సెలవుల్లో బాగా తిని పడుకోమను, అన్నీ అవే సర్దుకుంటాయి.

చూసినావా, ఎంత బుద్ధిగా జవాబు రాసినానో.

బుద్ధి వచ్చిన మామ

పెనుకొండ,
20 సెప్టెంబరు

మామకు,

నువ్వు రాసింది ఆ అమ్మాయికి చెప్పాను. సరే అంది.

బుధవారం నుంచి సెలవులు. అమ్మ వస్తుంది. నువ్వు రానవసరం లేదు. అత్తను అడిగినట్టు చెప్పు.

ప్రమోద

హాస్టలు గేటు దగ్గర నుంచి,
23 సెప్టెంబరు, మంగళవారం

ప్రమోదా,

వాచ్‌మ్యాన్ లోపలికి వదలలేదు, రేపు రమ్మన్నాడు. అందుకే ఈ చీటీ.

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించినా. "ఇంకోసారి చదువు" అనింది. చదివినా. "దీంట్లో నిన్ను ఒక్క మాటా అనలేదు, ఒక్క ఎకసెక్కమూ లేదు. పిల్ల బాగలేదు, లెయ్" అనింది. దారిలో రైల్లో నీ వెనకటి ఉత్తరాలు మళ్లీ చదివినా. చెవి బ్యాడ్జి ఎందుకు ఇచ్చినారో అప్పుడు తలకెక్కింది. ఆ ఒకమ్మాయి ఎవరో కూడా.

తప్పుడు చోట్లంతా నిన్నే చూసినా. నువ్వున్న చోట చూడలేదు.

మేమిద్దరం ఈడే గేటు పక్కన కూచున్నాం. నువ్వు బయటికి వచ్చేదాకా పోము. మీ అమ్మకు ఫోను చేసి చెప్పినాం, మాతో ధర్మవరం రా. ఏమీ అడగం. బడికి మళ్లీ పోతావో లేదో కూడా అడగం. అత్త సంగటి, దాంట్లోకి శెనక్కాయల ఊరుబిండి తెచ్చింది. వాచ్‌మ్యాన్‌కు కొంచెం పెట్టినాం, మెత్తబడతాండాడు.

మామ

పెనుకొండ,
11 అక్టోబరు

మామకు, అత్తకు,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. అత్తకు గట్టిగా చదివి వినిపించు, నీకు ఇష్టం లేని ముక్కలు మింగకుండా.

వచ్చేశాను. రైల్లో నువ్వు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నావు, నేను బడి గేటు దాటుతానో లేదోనని. దాటాను కదా.

మీ ఇంట్లో ఏమీ అడగలేదు మీరు. మొదట్లో నాకు కోపం వచ్చింది, ఒక్క మాటైనా అడగరేమని. తిన్నాను, పడుకున్నాను, లేచి మళ్లీ తిన్నాను. తర్వాత అత్త రాట్నం పక్కన కూర్చొని దారం అందిస్తుంటే, ఆ మగ్గం టకటకల్లో నా నోరు దానంతట అదే తెరుచుకుంది. ఎవరి పేర్లూ చెప్పలేదు. నా సంగతే చెప్పాను. ఎదురుగా ఎవరూ నా మొహంలోకి చూడడం లేదు కాబట్టి చెప్పగలిగాను. నువ్వు తల ఊపుతూ నేసుకున్నావు.

రాగానే వరలక్ష్మి మేడం దగ్గరికి పోయి బ్యాడ్జి టేబుల్ మీద పెట్టాను. "ఇది నేనొక్కదాన్నే మోయలేను మేడం" అన్నాను. మేడం కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టారు. "అందరినీ నీ దగ్గరికి పంపాను. నువ్వెట్లున్నావని నిన్ను అడగలేదమ్మా" అన్నారు. ఇప్పుడు మేం నలుగురం వంతులు వేసుకున్నాం. బుధవారాలు మేడం మా నలుగురినీ కూర్చోబెట్టుకొని మా మాట వింటారు. పెద్ద విషయమైతే మేం దాచనక్కర్లేదు, మేడంకు చెప్పాలి. ఒట్లు బంద్.

చంద్రమోహన్ సార్ నిన్న నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. చాక్‌పీసు నా చేతికిచ్చి తను తలుపు దగ్గర నిలబడ్డారు. లెక్క చేశాక చప్పట్లు కొట్టారు పాపం.

ఒక అనుమానం. నిజం చెప్పు మామా. ఆ రోజు నేను చెప్పిందంతా విన్నావా?

ప్రమోద

ధర్మవరం,
15 అక్టోబరు

గేటు దాటిన మా కోడలికి,

నిజం చెప్తా. సగం కూడా వినపడలేదు.

మగ్గం మీద కూచున్నవానికి పక్కనే పిడుగు పడినా తెలియదు. నీ నోరు కదిలేది కనపడతాండె, మధ్యలో ఒక మాట, అర మాట. ఆపి విందామనుకున్నా. ఆపితే నువ్వూ ఆపేస్తావని భయమేసింది. అందుకే తొక్కుతానే ఉండినా. దొంగచూపు నీ మీద, చెయ్యి చీర మీద. ఆ చీర అంచు చూసి షావుకారు "ఇదేం పువ్వు హనుమంతరాయుడూ, ఏ తోటలో పూసింది?" అన్నాడు. కొత్త డిజైను అన్నా. నమ్మలేదు.

మీ అత్త అంతా వినింది. అడిగితే చెప్పదు. "నీకు చెప్తే చిలమత్తూరుకు టికెట్టు కొంటావు" అంటుంది.

దీపావళికి వస్తావు కదా. మొదటి నుంచి మళ్లీ చెప్పు. ఈసారి మగ్గం ఆపేసి కూచుంటా. నీకు మాట రాకపోతే చెయ్యెత్తు, మళ్లీ తొక్కుతా.

మామ